నా మంచం పక్కన కూర్చున్న మనిషి

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మాది ఎమ్మిగనూరు. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం మా ఇంటి పని. గోరీల పక్కనున్న ఖాళీ జాగాలో పాత దూది ఆరబోసి, మధ్యాహ్నం ఒక గోరీకి ఆనుకుని కునుకు తీసేవాణ్ణి. ఏ దయ్యమూ వచ్చి నన్ను లేపలేదు. ఎవరైనా తాము చూశామని మొదలుపెడితే, ఆ రోజు ఎంత కల్లు తాగావని అడిగి నోరు మూయించేవాణ్ణి.

ఇప్పుడు నేనే చెప్పుకొస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నేను మాత్రం కల్లు ముట్టను.

ఇది డెబ్బైల చివర్లో జరిగింది. నాకప్పుడు ఇరవై ఆరేండ్లు. రెండు నెలలుగా దగ్గు. దూది నుసి లోపలికి పోయిందిలే అనుకున్నాం. ఒక పొద్దున కళ్లెలో నెత్తురు పడింది. ఆదోనిలో సర్కారు ఆసుపత్రికి పోతే ఎక్సరే తీసి క్షయ అన్నారు. ఎడమవైపు ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు కూడా చేరాయని చెప్పి, అక్కడే చేర్చుకున్నారు.

నా భార్య పేరు మాబున్ని. మా పాపకు అప్పటికి ఎనిమిది నెలలు. జబ్బు పాపకు అంటుకుంటుందన్న భయంతో ఇద్దరినీ మద్దికెరకు, మాబున్ని పుట్టింటికి పంపించింది నేనే. నాకు బాగయ్యేదాకా ఆసుపత్రి గడప తొక్కొద్దని గట్టిగా చెప్పాను కూడా. ఆమె ఏడ్చింది. నేనేమో ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ పూటంతా మురిసిపోయాను.

వారం తిరక్కుండానే ఆ మురిపెం వదిలింది. మా అమ్మానాన్నలు ముందే పోయారు. అన్న ఒక్కసారి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, అరటిపండ్లు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను చూడటానికి ఎవరూ రాలేదు.

మా వార్డులో పన్నెండు మంచాలు. నా మంచానికి తప్ప ప్రతి మంచానికీ తోడుగా ఎవరో ఒకరు ఉండేవారు. తల్లో, పెండ్లామో, తమ్ముడో. మందులు, సూదులు వేళకు అందేవి, పొద్దున రొట్టె, పాలు వచ్చేవి. వాటికి నేను లోటు చెప్పను. కానీ మధ్యాహ్నమయ్యేసరికి ఎవరి మనిషి వాళ్లకు జొన్నరొట్టె తుంచి తినిపిస్తుంటే చూడలేకపోయేవాణ్ణి. ఎలాగూ ఎడమవైపు ఒత్తిగిలితేనే ఊపిరి ఆడేది. ఆ వైపు గోడ. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. సూది మందుకు చెవుల్లో ఒకటే హోరు.

పక్క మంచంలో కోసిగి నుంచి వచ్చిన నరసప్ప. ఆయన భార్య ఈరమ్మ. పదో రోజో పదకొండో రోజో ఈరమ్మ నన్ను పిలిచి అడిగింది.

"ఏమప్పా, నీ పెండ్లానికి అంత మొగమాటమా? రొట్టె ఇస్తే తీసుకోదు, పలకరిస్తే పలకదు."

"ఎవరక్కా?" అన్నాను.

"ఇదో, దినామూ నీ వీపెనక కూకోనుంటాది గదప్పా, ఆయమ్మ!"

తిరిగి చూశాను. ఖాళీ నేల. ఒంటరివాణ్ణి కదా, ఆట పట్టిస్తోందనుకున్నాను. నాకోసం ఎవరూ రాలేదని చెప్పాను. ఈరమ్మకు కోపం వచ్చింది.

"కట్టుకున్నదాన్ని లేదంటావా? ఏం మగోనివప్పా నువ్వు!"

ఆమెతో వాదించడం నావల్ల కాలేదు. కానీ మనసు ఊరుకోలేదు. నడవగలిగిన రోజున మిగతా మంచాల దగ్గరికి పోయి, పోలీసు మాదిరి, ఒకరికి వినపడకుండా ఒకరిని అడిగాను. ఎదురు మంచం తాత చూశానన్నాడు. తలుపు పక్క మంచంలో ఉన్న బేల్దారి మేస్త్రీ చూశానన్నాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. సన్నటి మనిషి, ముప్పై ఏండ్లుంటాయి, నీలం చీర, తలమీద కొంగు. మధ్యాహ్నం తిండి వేళ తర్వాత వచ్చి, మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చుంటుంది. దీపాలు పెట్టేలోపు వెళ్లిపోతుంది. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. కూడబలుక్కునే అవకాశమే లేదు.

మా మాబున్ని బొద్దు మనిషి. వయసు ఇరవై. మా బంధువుల్లో కూడా ఆ పోలికలున్నవాళ్లు ఎవరూ లేరు, బతికున్నవాళ్లలో గానీ పోయినవాళ్లలో గానీ.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఉన్నట్టుండి వెనక్కి తిరగడం మొదలుపెట్టాను. తిరిగిన ప్రతిసారీ దగ్గు తెర వచ్చి కండ్లలో నీళ్లు తిరిగేవి. అవి తుడుచుకుని చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడే లేచి వెళ్లిందే అనేవాడు తాత.

నిజం చెప్తున్నాను, నాకు భయం వేయలేదు. కడుపు మండింది. ఎవరో నాకోసమే వచ్చి, నాకు తప్ప అందరికీ కనిపించడం ఏం న్యాయం? ఒక మనిషి ముఖం చూడాలని మొహం వాచి ఉన్నవాణ్ణి నేను.

డాక్టరు గారు వీపులో సూది గుచ్చి నీళ్లు తీస్తామన్నారు. భుజాలు పట్టుకోవడానికి, తర్వాత కనిపెట్టుకుని ఉండటానికి మన మనిషి ఒకరు ఉంటే మంచిదన్నారు. అప్పుడు పంతం వదిలేసి మద్దికెరకు కార్డు రాశాను. 'మాబూ, ఒక్కసారి రా. పాపను అక్కడ ఉంచి రా. నాకు భయంగా ఉంది.' అంతే రాశాను. ఆ చివరి మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

నీళ్లు తీస్తామన్న రోజు రానే వచ్చింది. తలుపు వైపే చూస్తున్నాను. పది గంటలైంది, మాబున్ని రాలేదు. నర్సమ్మ సరంజామా తీసుకొచ్చింది. నా మనిషి ఇంకా రాలేదమ్మా, రేపు తీద్దాం అన్నాను.

"నిన్న ఆమెతో చెప్తినే, సరేనని తలకాయ ఊపింది గదా!" అంది నర్సమ్మ.

ఇంతలో డాక్టరు గారు వచ్చేశారు. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ముందు ఒక స్టూలు వేసి, దానిమీద దిండు పెట్టి, తల వాల్చమన్నారు. కండ్లు మూసుకుని దిండులో ముఖం పెట్టాను. వీపుమీద స్పిరిటు చల్లగా తగిలింది. అప్పుడే ఎవరో రెండు చేతులతో నా భుజాలు గట్టిగా పట్టుకున్నారు. పని చేసి కాయలు కాచిన చేతులు. ఈరమ్మే అనుకున్నాను. సూది దిగినప్పుడు "వదలాకక్కా, వదలాకు" అన్నాను. నీళ్లు తీసినంతసేపూ ఆ చేతులు వదల్లేదు. నా తల ఆమె కడుపుకు ఆనింది. ఆసుపత్రికి వచ్చాక నన్ను ఒక మనిషి అలా పట్టుకోవడం అదే మొదటిసారి. నొప్పితో కాదు, అందుకు ఏడ్చాను.

నర్సమ్మ పట్టీ అంటిస్తుంటే తలెత్తాను. నా ముందు ఎవరూ లేరు. ఈరమ్మ అప్పుడే బయటినుంచి నీళ్ల చెంబుతో లోపలికి వస్తోంది. ఇంకో చేతిలో ఒక స్టీలు క్యారియరు ఉంది.

"గడప కాడ పెట్టి పోయినారప్పా. ఎవురిదో ఏమో" అంది.

క్యారియరు మీద మా మామ పేరు చెక్కి ఉంది. లోపల జొన్నరొట్టెలు, వంకాయ కూర. బయట ఎవరైనా ఉన్నారేమో చూడమని ఈరమ్మ కాళ్లావేళ్లా పడ్డాను. ఒక బొద్దు పిల్ల కండ్లు తుడుచుకుంటా గేటు దాటి పోతాంటే తాను చూసినానని, తనకేం తెలుసునని ఆమె అంది. లేవబోయాను. నర్సమ్మ లేవనివ్వలేదు.

ఆ రోజు తర్వాత నీలం చీరామె వార్డులో ఎవరికీ కనిపించలేదు.

రెండు నెలలకు ఇంటికి పంపించారు. నేరుగా మద్దికెరకు పోయాను. మాబున్ని పాపను ఎత్తుకుని, నాకు ఎదురుగా నిలబడి ఒకే ప్రశ్న అడిగింది.

"ఆమె ఎవురు?"

జరిగిందంతా చెప్పాను. పాప మీద ప్రమాణం చేశాను.

"నా కండ్లతో సూసినా. నీ తల కడుపుకు ఆనించుకోని నిలబడుండాది. నన్ను రావద్దని సెప్పింది ఇందుకేనా?" అంది.

ఏడాది తర్వాత పెద్దలు చెప్తే వచ్చి నాతో కాపురం చేసింది. వండిపెట్టింది, మందులు అయిపోయేదాకా వేళకు మాత్ర చేతిలో పెట్టింది, ఇంకో పిల్లను కన్నది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాతో నవ్వడం మాత్రం మానేసింది.

పదేండ్లు అలాగే గడిచాయి. ఎనభైల చివర్లో ఆమె కడుపులో గడ్డ పెరిగింది. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రిలో చెప్పారు. ఇంట్లోనే, మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఉండేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కండ్లు తెరిచి, నెమ్మదిగా అడిగింది.

"నేను పోయేదాన్నే గదా. ఇప్పుడన్నా సెప్పు. ఆమె ఎవురు?"

అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. ఏదో ఒక పేరు చెప్పి, తప్పయిపోయిందంటే, క్షమించానని మనశ్శాంతిగా పోయేదేమో. నోటిదాకా ఒక పేరు వచ్చింది కూడా. చెప్పలేకపోయాను.

"నాకు తెలీదు మాబూ" అన్నాను.

 ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. మూడో రోజు పోయింది.

ఆ నీలం చీరామె ఎవరో, నా దగ్గరికే ఎందుకు వచ్చిందో ఈరోజుకీ నాకు తెలీదు. వార్డంతా చూసింది, నా భార్య చూసింది. నేను చూడలేదు. నేను చెప్పింది నిజమేనని మాబున్నికి చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.