పూరీకి పుట్టువెంట్రుకలు

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో కుక్కపిల్ల తప్పేమీ లేదు, బుద్ధిలేని పని చేసింది నేనే. పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి. అలాంటిది ఒక పామరేనియన్ పిల్లనీ, మా అమ్మాయి నమ్మకాన్నీ ఒకే ఆదివారం పూట పోగొట్టుకోబోయాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా వాటా. మిగతా సగం మా పై అంతస్తు భాస్కర్ అంకుల్‌ది. ఆయన వాటా ఆయనకి భద్రంగా అందజేశాను లెండి, అక్కడికీ వస్తాను.

మాది సింగపూర్‌లో, బెడోక్‌ పేటలో ఏడో అంతస్తు ఫ్లాట్. తొమ్మిదేళ్ళ మా సాన్వి రెండేళ్ళు పోరి సాధించుకున్న కుక్కపిల్ల పూరీ. అప్పుడే నూనెలోంచి తీసినట్టు పొంగి ఉంటుంది గనక ఆ పేరు. వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే మే లింగ్ అనే టీచరమ్మ దాన్ని కొనుక్కుంది. తీరా వాళ్ళమ్మకి కుక్కబొచ్చు పడక, కళ్ళనీళ్ళతో మాకిచ్చేసింది. ఇచ్చేటప్పుడు రెండే మాటలు చెప్పింది.

"మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్ ఉంది. అది ఇంకా నా పేరు మీదే ఉంది. ఫోన్‌కి లింకు పంపుతాను, మీ పేరుకి మార్చుకోండి. రోజూ దువ్వండి. గుండు మాత్రం గీయించకండి."

ఈ రెండింటికీ అడ్డం పడ్డవాడు భాస్కర్ అంకుల్. ఆయన సింగపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్క కుక్కనీ పెంచలేదు గానీ, లిఫ్ట్ ఏడో అంతస్తు చేరేలోగా ఏ ప్రాణిని ఎలా పెంచాలో చెప్పేయగలడు.

"లింకా? అవన్నీ మొక్కుబడి వ్యవహారాలయ్యా మురళీ! తీరిగ్గా చేసుకో. కుక్కకి తన ఇల్లేదో తెలీదూ? దాని విషయంలో ఎవరేమడిగినా నా నంబరిచ్చెయ్, నేను చూసుకుంటా."

ఆ ఆఖరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నేనూ పెట్టుకున్నాను.

మూడు నెలలు లింకు నా ఫోన్‌లో హాయిగా నిద్రపోయింది. ఈలోగా అంకుల్ రెండో బాణం తీశాడు.

"ఈ ఉక్కలో దానికా రగ్గేమిటయ్యా పాపం! శుభ్రంగా గుండు చేయించు. పుట్టువెంట్రుకలు తీయించకుండా పిల్లలకి జుట్టు ఒత్తుగా వస్తుందా?"

ఈ వాదన ముందు ఏ తెలుగువాడికైనా నోరు లేస్తుందా, మీరే చెప్పండి. నాకు తీయించారు. మా ఆవిడ లలితకి తీయించారు. సాన్వికి తీయించాం. ఇంట్లో తలనీలాలివ్వని ప్రాణి పూరీ ఒక్కటే అని నాకు నిజంగానే బాధేసింది. ఇంత గొప్ప సూత్రం చెబుతున్న పెద్దమనిషి తల మీద ఈ చెవి నుంచి ఆ చెవికి వంతెన కట్టినట్టు పదకొండంటే పదకొండే వెంట్రుకలున్నాయన్న సంగతి, నా కళ్ళు కాకులెత్తుకెళ్ళ, అప్పుడు కనిపించలేదు!

బ్లాకు కింద కుక్కల గ్రూమింగ్ షాపులో అమ్మాయి వినగానే రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"క్యానాట్ లా, అంకుల్! కుదరదు. దీనికి రెండు పొరల బొచ్చు. ఎండనీ వేడినీ ఆపేది అదే. నున్నగా గీస్తే మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు. పాదాల దగ్గరా, వెనకా కాస్త కత్తిరిస్తా, చాలు."

"ఇది మా ఆచారం."

"కుక్కకి ఆచారమా?"

"మా ఇంటి ఆచారం."

"అయితే మీ ఇంట్లోనే చేసుకోండి!"

ఆ పిల్ల వెటకారమాడింది. నేను సలహా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న లలిత, సాన్వి ఈతకి వెళ్ళగానే కార్యక్రమం మొదలుపెట్టాం. అంకుల్ పూరీని ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను గడ్డం గీసుకునే ట్రిమ్మర్ అందుకున్నాను. పూరీ కుయ్యోమంటోంది, ట్రిమ్మర్ కుయ్యోమంటోంది, అంకుల్ మాత్రం "కానీ, కానీ, మంచి ఘడియ!" అంటున్నాడు. గంటసేపటికి పని పూర్తయింది. పద్ధతి ప్రకారం గుండుకి గంధం కూడా పూశాం. దుంప ఉడకబెట్టి రెండు కళ్ళు గుచ్చినట్టు తయారైంది. పొంగిన పూరీని పట్టుకుని చపాతీ చేసి పెట్టాను.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"హూ ఈజ్ దిస్?" అని సాన్వి పెట్టిన కేకకి పూరీ బెదిరి, పిల్ల కాళ్ళ సందులోంచి దూరి, మెట్లు దిగి మాయమైపోయింది.

"ఏడవకమ్మా, చిప్ ఉందిగా!" అంటూ నేను ధీమాగా ఫోన్ తీసి, మ్యాప్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

"నాన్నా, అది జీపీఎస్ కాదు లా! జస్ట్ ఎ నంబర్. ఎవరైనా స్కాన్ చేస్తే ఓనర్ పేరు వస్తుంది, అంతే. యూ వర్క్ ఇన్ ఐటీ!" అని కళ్ళు తుడుచుకుని, "ఓనర్ నువ్వే కదా?" అంది.

నేను ఫోన్ జేబులో పెట్టేశాను. లలిత నా వైపు చూసిన చూపుకి నా గడ్డం ట్రిమ్మర్ లేకుండానే రాలిపోయేది.

రెండు గంటలు చుట్టుపక్కల బ్లాకులన్నీ వెతికాం. చివరికి మే లింగ్ ఫోన్ చేసింది.

"బెడోక్ క్లినిక్‌లో ఎవరో కుక్కనొకదాన్ని అప్పగించారట. స్కాన్ చేస్తే నా పేరొచ్చిందట. ఫోటో చూసి నాది కాదన్నాను. బొచ్చే లేదు, పైగా గంధం వాసనొస్తోందట. మీ పూరీ మీ దగ్గరే ఉందిగా?"

నిజం చెప్పాను. "వస్తున్నా" అని పెట్టేసింది.

వుడ్‌ల్యాండ్స్ నుంచి బెడోక్‌కి రైల్లో గంట పైనే పడుతుంది. ప్రతి స్టేషన్లోనూ ఆవిడ కోపం కూడా ఎక్కుతూ వచ్చినట్టుంది.

"చిప్ నా పేరు మీదుంది. కుక్క నాది. తీసుకెళ్ళిపోతున్నాను" అంది క్లినిక్‌లో అడుగుపెడుతూనే.

సాన్వి నా చొక్కా పట్టుకుని వెక్కుతోంది. అప్పుడు, మాకు తోడుగా వచ్చిన భాస్కర్ అంకుల్ గొంతు సవరించుకున్నాడు.

"నేను వద్దనే చెప్పాను మేడమ్. ఈ కాలం వాళ్ళు పెద్దల మాట వింటేగా!"

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదొద్దంటారు. ఈయన మాట పట్టుకుని ఈదిన నాకు తెలిసింది, కుక్క తోకే వెయ్యిరెట్లు నయమని. ఆ పదకొండు వెంట్రుకల్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టి పీకాలనిపించింది. సాన్వి ఎదురుగా ఉంది కాబట్టి పళ్ళు మాత్రం కొరుక్కున్నాను.

ఇంతలో నర్సు పూరీని బయటికి వదిలింది. అది నన్ను చూసి మొహం తిప్పుకుంది. అంకుల్ దగ్గరికెళ్ళి, ఆయన బూటు మీద తన అభిప్రాయం తడిగా తెలియజేసింది. ఆ తర్వాత ఒక్క గెంతుతో సాన్వి ఒళ్ళోకి చేరి, గడ్డం కింద తల దూర్చేసింది.

"ఆంటీ, నేను రోజూ దువ్వుతాను, ప్రామిస్. నేను ఇంట్లో లేనప్పుడు నాన్న ఇలా చేశాడు" అంది సాన్వి.

మే లింగ్ చాలాసేపు ఆ ఇద్దరినీ చూసింది. "పిల్లల పేరు మీద రాసే వీల్లేదు. ఉంటే నీ పేరే రాసేదాన్ని" అని నిట్టూర్చి, నా వైపు తిరిగింది. "ఫోన్ తియ్యండి."

మూడు నెలలు వాయిదా వేసిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎండలో తిప్పితే చొక్కా తొడగాలనీ, నెలకోసారి షాపులో గోళ్ళూ చెవులూ చూపించాలనీ ఆవిడ పెట్టిన షరతులన్నిటికీ తల ఊపాను. పూరీకి బొచ్చు రావడానికి ఏడాది పట్టింది. అదీ అక్కడక్కడా, నీళ్ళందని వరిచేనులా.

క్లినిక్ నుంచి వచ్చిన మర్నాడే గ్రూమింగ్ షాపుకెళ్ళాను. అమ్మాయి ఫారం ఇచ్చింది. చిప్ మీద నా నంబరు పెట్టాను కదా, ఇక్కడ మాత్రం పెద్దల మాట వినాలనిపించింది. ఫోన్ గడిలో అంకుల్ నంబరు రాశాను. కుక్క పేరు గడి కూడా నింపాను.

"అంకుల్, దీని పేరు పూరీ కదా?" అని అడిగింది ఆ అమ్మాయి నన్ను.

"ఇంట్లో పూరీ. రికార్డుల్లో భాస్కర్."

అప్పట్నుంచి నెలనెలా ఆయన ఫోన్‌కి సందేశం వస్తోంది: "హాయ్! బుజ్జి భాస్కర్‌కి గోళ్ళు తీసి, చెవులు తుడిచి, వెనక గ్రంథులు పిండే వారం వచ్చేసింది. కరవకుండా బుద్ధిగా తీసుకురండి!" కళ్ళజోడు దొరకనప్పుడు వాళ్ళావిడే పైకి చదివి వినిపిస్తుందట.

పూరీ ఒంటి మీద మిగిలిన ప్రతి వెంట్రుక సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సలహా ఇచ్చేవాడి తల చూడకుండా ఎవరి తలా గొరగను.

మొన్న లిఫ్ట్‌లో అంకుల్ దీనంగా ఫోన్ చాచాడు. "మురళీ, ఈ మెసేజీలు ఎలా ఆపాలయ్యా? నువ్వు ఐటీ కదా!"

నేను తల పంకించాను.

"అవన్నీ మొక్కుబడి వ్యవహారాలంకుల్. తీరిగ్గా చేసుకోండి."