ముఖం లేని అన్నయ్య బొమ్మ

మార్కుసికి ముప్ఫయ్యేళ్లు, ఇలిసాపికి డెబ్బై దాటాయి. అయినా ఆమె అతణ్ణి "అన్నయ్యా" అనేది, అతను "చెల్లెమ్మా" అనేవాడు. ఆమె చనిపోయిన అన్న పేరే అతనికి పెట్టారు. పేరుతోపాటు వరస కూడా వస్తుంది ఆ ఉత్తరపు మంచు ఊళ్లో. దుకాణం ముందు కనబడితే చాలు, "చెల్లెలికి టీ ఆకైనా కొనిపెట్టవా, పిసినారి అన్నయ్యా?" అని పదిమందిలో ఆటపట్టించేది.

మార్కుసిది అచ్చుపని. ఊళ్లో పెద్దవాళ్లు పెన్సిలుతో గీసిన బొమ్మల్ని రాతి మీద చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితం పరిచి చేత్తో రుద్ది అచ్చు తీసేవాడు.

ఆ చలికాలం ఇలిసాపి బొమ్మ అతని చేతికొచ్చింది. బండి లాగే కుక్కలన్నీ ఆకలికి చచ్చిపోయిన ఏడాది, తాడు భుజాన వేసుకుని సముద్రం వైపు మంచుబండి లాగుతున్న యువకుడు. వెనకాల ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల ఇలిసాపే. యువకుడు ఆ అన్న.

తనకన్నా ముందు ఆ పేరు మోసినవాడి ముఖం మార్కుసి ఎన్నడూ చూడలేదు. అందుకే దాన్ని ఆఖరికి ఉంచుకుని మిగతాదంతా చెక్కాడు. తీరా ఉలి ఆనించేసరికి రాయి పెచ్చులేచి, కళ్లూ ముక్కూ ఉండాల్సిన చోట గుంట మిగిలింది.

లేచి ఇలిసాపి ఇంటికి వెళ్లాడు. ఆమె నేల మీద కాళ్లు చాపుకుని సీల్ తోలు గీకుతోంది.

"చెల్లెమ్మా, మీ అన్న ముఖం పాడుచేశాను."

"బానే ఉందిగా, ఎప్పుడూ ఉండేట్టే" అంది తలెత్తి అతని ముఖంలోకి చూసి.

"వేళాకోళం కాదు. బొమ్మలో ముఖం. మళ్లీ గీసివ్వు, వేరే రాయి మీద చెక్కుతాను."

ఆమె పకపకా నవ్వింది. "వాడి ముఖం నాకు గుర్తుంటేగా! దారంతా వాడు ముందు, నేను వెనక. నాకు గుర్తున్నది వాడి వీపే. ముఖం లేకపోతే దక్షిణాన నగరాల వాళ్లు కొనరని అచ్చుశాల పెద్దమనిషి ఒకటే పోరు. ఏదో ఒకటి పెట్టేశాను. మా ఆయన ముఖమేమో!"

"సముద్రం దగ్గరికి చేరాకైనా చూడలేదా?"

"చేరగానే పడుకున్నాడు. ఇక లేవలేదు. నేను వెళ్లేసరికి అమ్మ వాడి ముఖం మీద తోలు కప్పేసింది."

ఆమె మళ్లీ తోలు గీకడం మొదలుపెట్టింది.

మర్నాడు మార్కుసి ఆ గుంట చుట్టూ సన్నటి గాట్లు పెట్టాడు. రంగు అంటని ఆ చోటు అచ్చులో తెల్లబొచ్చు టోపీ వెనకభాగమై పడింది. యువకుడిప్పుడు మనకు వీపు చూపి, మంచులోకి నడిచి వెళుతున్నాడు. పెద్దమనిషి గొణిగాడు గానీ, అచ్చును గోడకు ఆనించి చూశాక మిగతావీ అలాగే తీయమన్నాడు.

అచ్చులన్నీ విమానమెక్కాక, మళ్లీ ఎవరూ తీయకుండా రాతిని అరగదీయడం అక్కడి పద్ధతి. మార్కుసికి చేతులు రాలేదు. ఇలిసాపే వచ్చి, నీళ్లు పోసి, సానరాయి అందుకుంది. "నువ్వు ఆ పక్క పట్టు" అంది. ఇద్దరూ రుద్దారు. పిల్ల పోయింది, బండి పోయింది, తెల్లటోపీ పోయింది. నున్నటి రాయి మిగిలింది.

ఆమె చేతులు తుడుచుకుంది.

"పద అన్నయ్యా, మావాడు ఇప్పుడే సీల్‌ను కొట్టుకొచ్చాడు. చల్లారిపోకముందే తిందాం."