ఎక్కడ కూర్చున్నావమ్మా?

బుధవారం పొద్దున్నే నిడదవోలు నుంచి మా ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. మా అంగన్‌వాడీ సూపర్‌వైజర్ గారు గుండెనొప్పితో పోయారు. కబురు చెప్పిన బూత్ ఆయన మీద అరిచాను. ఇంకెవరి మీద అరవాలో తెలియలేదు.

ప్రతి శుక్రవారం ఆవిడ మా కేంద్రానికి వచ్చేవారు. పిల్లల బరువుల సంగతి తర్వాత. ముందు పప్పులోకి తెచ్చిన మునగాకు చాప మీద పోయించి, చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లను కూర్చోబెట్టి, తనూ దూసేవారు. చేతులు పనిలో ఉంటే మనసులోది దానంతటదే బయటికొస్తుందని ఆవిడ నమ్మకం. బాలింతల ఇళ్ళకు వెళ్ళొచ్చిన మమ్మల్ని ఒకటే అడిగేవారు: "ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నావమ్మా?"

నాకు ఒళ్ళు మండేది. కరపత్రాలు చదివి లోకాన్ని మార్చేద్దామని ఈ పనిలో చేరినదాన్ని. కూర్చోవడమేంటి?

పోయిన నెల కాలవగట్టు మీది ఓ ఇంట్లో రెండోనెల పిల్ల బరువు పెరగడం లేదు. డాక్టరుగారు మందిచ్చారు గానీ, తల్లి గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది. పిల్ల ఏడ్చినా ఇటు తిరగదు. "ఆడపిల్ల కదా, దిగులు" అంది అత్తగారు. గుమ్మంలోనే ఆమెను దులిపేశాను. "ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు" అంది.

ఆ శుక్రవారం ఇదంతా చెప్పి, "ఇలాంటి అత్తల్ని జైల్లో పెట్టించాలండీ!" అన్నాను.

"పెట్టిద్దాంలే. ఆవిడ జైలుకెళ్తే పిల్లకి నీళ్ళెవరు పోస్తారు, నువ్వా?" అన్నారు సూపర్‌వైజర్ గారు. టీచర్లందరూ నవ్వారు. "ఎక్కడ కూర్చున్నావు?"

"కూర్చోలేదండి."

"నిలబడి చెప్పిన మాట నీతోనే బయటికొచ్చేస్తుందమ్మా." "కోపం సంగతి సరే, బెంగేంటి?" అన్నారు.

"పిల్ల దక్కదేమోనని..." అన్నాను, చేతిలో రెమ్మ దూస్తూనే. ఆవిడ ఓదార్చలేదు, సలహా చెప్పలేదు. నా ముందున్న రెమ్మల్లో సగం తన ఒళ్ళోకి లాక్కున్నారు. అంతే.

మర్నాడు వెళ్ళి, నోరు మూసుకుని నిలబడ్డాను. అత్తగారు విసురుగా ఓ పీట తోసింది. కూర్చున్నాను. రోజూ వెళ్ళి కూర్చుంటూనే ఉన్నాను. మొన్న మంగళవారం ఆ అత్తగారే పిల్లని నా ఒళ్ళో పెట్టి, "నాకూ భయంగానే ఉందమ్మా" అంది. ఆ మాట సూపర్‌వైజర్ గారికి చెప్పాలని శుక్రవారం కోసం చూస్తున్నాను. బుధవారమే ఫోనొచ్చింది.

నిన్న మళ్ళీ వెళ్ళాను. పిల్లని రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని డాక్టరుగారు రాసిచ్చారట. తల్లి కదలనంటోంది. ఏం చెయ్యాలో నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. పీట వదిలేసి, ఆమె వీపు పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

ఇవాళ శుక్రవారం. మునగాకు చాప మీద పోశాం. ఎక్కడ కూర్చున్నావని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎంత దూసినా నా ముందు కుప్ప సగమైనా తగ్గలేదు.