టాంగో కిలో హాజరు

రేడియో లైసెన్సుల సెక్షన్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఒకే కుర్చీలో కూర్చున్న గుమాస్తాను ఆఫీసంతా రూళ్ళకర్ర అని పిలుస్తుంది. ఎదురుగా కాదులెండి, చాటున. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. గీత వంకరపోతే తప్పు గీసినవాడిదే గానీ రూళ్ళకర్రది కాదని ఆయన ధీమా.

ఆయన చేతికింద ఉన్నది ఔత్సాహిక రేడియోవాళ్ళ రిజిస్టరు. ఇంట్లో ఓ మూల సొంతంగా రేడియో బిగించుకుని, పరీక్ష రాసి లైసెన్సు పుచ్చుకుని, దమ్మిడీ లాభం లేకుండా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడే జనం వీళ్ళు. తమని తాము హ్యాములమని చెప్పుకుంటారు. ఇంతా చేసి మాట్లాడేదేమిటయ్యా అంటే, "నీ మాట నాకు బాగా వినిపిస్తోంది, నా మాట నీకెలా వినిపిస్తోంది?" అని. దీనికోసం మనిషన్నవాడు ఆరునెలలు కూర్చుని చదవడం ఏమిటో రూళ్ళకర్రకు ఎంతకీ బోధపడలేదు. బోధపడాలని నిబంధనల్లో ఎక్కడా లేదు గనక వదిలేశాడు.

లైసెన్సు జీవితకాలానికి ఇస్తారు. పాసైనవాడి పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, ఇక దిగదు. ఏటా పదో పదిహేనో పేర్లు ఎక్కేవి, ఏటా నివేదికలో గీత పైకి పోయేది, ఆ గీత కింద రూళ్ళకర్ర ఏటా ఒకే వాక్యం రాసేవాడు: "ఔత్సాహిక రేడియో పట్ల ప్రజాదరణ నానాటికీ పెరుగుచున్నది." కిందటేడు అంకె వెయ్యిన్నలభై ఆరు. పై అధికారులు చాలా సంతోషించారు. చదివారని చెప్పలేం గానీ సంతోషించారు.

కొత్త ఆఫీసరమ్మ వచ్చిన మూడో రోజున ఆ సంతోషానికి గండి పడింది. ఆవిడ రిజిస్టరు తిరగేస్తూ మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"పుట్టిన తేదీ ప్రకారం ఈయనకిప్పుడు నూట పద్నాలుగేళ్ళుండాలండీ."

"ఉండాలండీ."

"ఉన్నారా మరి?"

"పోయినట్టు మనకి దరఖాస్తు రాలేదండీ."

"ఎవరు పెట్టుకుంటారు ఆ దరఖాస్తు?"

"ఇంట్లోవాళ్ళు పెట్టుకోవాలండీ, ఆరో నంబరు ఫారం మీద."

"ఎన్నొచ్చాయి ఇప్పటిదాకా?"

"నా హయాంలో రెండండీ. అందులో ఒకాయన తర్వాత తిరిగొచ్చారు."

ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వించాలని చెప్పలేదు. ఆ సాయంత్రానికల్లా హుకుం వచ్చింది. వెయ్యిన్నలభై ఆరుగురికీ ఉత్తరాలు వెళ్ళాలి, అరవై రోజుల్లో జవాబులు రావాలి, అసలు అంకె తేలాలి. ఉత్తరంలో రెండే ప్రశ్నలు. ఒకటి: "లైసెన్సుదారు జీవించి ఉన్నారా? అవును / కాదు. వర్తించనిది కొట్టివేయుడు." రెండు: "చివరిసారి రేడియో వాడినదెప్పుడు?"

జవాబులు మొదలయ్యాయి. ఒకాయన అవునూ కాదూ రెండూ కొట్టేశాడు. ఒకాయన డాక్టరుగారిని అడిగి చెబుతానని రాశాడు. ఒక ఇల్లాలు, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఈ ఇనప సామానంతా ఎప్పుడు పట్టుకుపోతారో దయచేసి తెలుపగలరు అని రాసింది. మరొకాయన స్వయంగా సంతకం చేసి మరీ తాను జీవించి లేనని తెలియజేశాడు. ఆయన్ని ఏ ఖాతాలో వేయాలో తేల్చడానికి రూళ్ళకర్రకు ఒక పూట పట్టింది. సగానికి సగం ఉత్తరాలకు జవాబే రాలేదు. వాటికి ఎర్రగీత.

ఆ జాబితాలో ఆరువందల పన్నెండో పేరు ఆయన కన్నతండ్రిది.

తండ్రి బట్టలు కుట్టేవాడు. చొక్కా కాలరు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ నోరు విప్పితే నత్తి. కొలతలు చెప్పేలోపు గిరాకీలు లేచి పోయేవారు. అలాంటి మనిషికి నలభయ్యో ఏట హ్యాముల సంగతి తెలిసింది. రేడియోలో నోటితోనే మాట్లాడాలని లేదు, కీ అనే చిన్న మీట మీద వేలితో టక్కుటక్కున కొట్టినా మాటే. ఇంకేం, మేడమీద కుట్టుమిషను పక్కనే రేడియో వెలిసింది. ప్రతి హ్యాముకూ సర్కారు ఒక గుర్తు ఇస్తుంది, గాలిలో అదే అతని పేరు. తండ్రి గుర్తులోని ఆఖరి రెండక్షరాలు టి, కె; గాలిలో పొరబాటు పడకుండా స్నేహితులు వాటిని టాంగో కిలో అని పలికేవారు. ఇంట్లో తడబడే మనిషి అక్కడ గడగడా మాట్లాడేవాడు. పదకొండేళ్ళ కిందట పోయాడు.

ఆయన పోయిన నెలరోజులకి రూళ్ళకర్ర ఆరో నంబరు ఫారం తీసి, కలానికి మూత తీసి, మరణించిన తేదీ గడి ముందు ఆగిపోయాడు. ఎన్నో కుటుంబాలకు తాఖీదులు పంపిన చెయ్యి కదల్లేదు. రేపు చూద్దాంలే అని ఫారం సొరుగులో పెట్టాడు. ఆ రేపు ఇంకా రాలేదు. అందుకే ఇప్పుడు తండ్రి పేరుమీద సొంత ఇంటికే ఉత్తరం పంపాడు. అమ్మ "అవును" కొట్టేసి తిప్పి పంపితే తన చేతికి పని తప్పుతుందని ఆయన ఆశ. ఈ ఆశ గురించి ఇంట్లో మాత్రం పెదవి విప్పలేదు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. "కాదు" అనే మాటను స్కేలు పెట్టి మరీ కొట్టేశారు. రెండో ప్రశ్నకు జవాబు: "నిన్న సాయంత్రం ఆరున్నర." కింద తండ్రి సంతకం. చేతిరాత అమ్మది.

రూళ్ళకర్ర ఆ జవాబు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గంట ముందే వెళ్తానని సెలవు చీటీ రాసిచ్చాడు. అటెండరు ఆ కాగితం వెలుగులో పెట్టి చూశాడు, నిజమేనా అని.

ఆదివారమైనా సెలవైనా ఆఫీసుకెళ్ళి ఏడున్నరకు గానీ ఇల్లు చేరని మనిషి ఆరింబావుకే గుమ్మంలో కనబడేసరికి భార్య కంగారుపడింది.

"అమ్మేదీ?"

"అత్తయ్య పైనున్నారు. ఇప్పుడు వెళ్ళకండి, ఆరున్నరకి వాళ్ళ హాజరు."

"ఏం హాజరు? నీకు తెలుసా ఇదంతా?"

"పదకొండేళ్ళ నుంచీ."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. చెబితే ఏ ఫారమో నింపమంటారని ఊరుకున్నా."

మేడమీద కుట్టుమిషనుకు గుడ్డ కప్పి ఉంది. రేడియోకు లేదు. డెబ్భై ఆరేళ్ళ తల్లి కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, కీ మీద వేలు పెట్టి కూర్చుని ఉంది. కొడుకును చూసి ఎడమచేతి వేలెత్తింది, ఆగమని. ఆయన ఆగాడు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో మంత్రి ముందైనా అంత బుద్ధిగా నిలబడి ఉండడు. ఆవిడ టకటకా కొట్టడం ముగించి చెవులవి తీసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కనబడట్లా? మాట్లాడుతున్నా. వాచీల మాస్టారికి మళ్ళీ మోకాలి నొప్పట."

"నీకు లైసెన్సు లేదు."

"మీ నాన్నకుంది."

"నాన్న పోయారమ్మా."

"అది నువ్వు చెబితేగానీ నాకు తెలీదా?" అంది తల్లి. పక్కనున్న స్టూలు ఇటు జరిపి, "కూర్చో. తాటిచెట్టులా అలా నిలబడకు" అంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. తండ్రి పరీక్షకు తయారయ్యే రోజుల్లో, ఆయన కుట్టుకుంటూ వినడానికి ఈవిడ పళ్ళెం మీద చెంచాతో టక్కుటక్కుమని పాఠాలు కొట్టేది. ఆయనకంటే ముందు ఈవిడకే వచ్చేసింది. ఆయన మూడుసార్లు తప్పాడు. ఇక ఊళ్ళో పదిమంది హ్యాములకు రోజూ ఆరున్నరకు హాజరు పట్టీ. వాచీలు బాగుచేసే మాస్టారు ఒక్కొక్కరినీ గుర్తుతో పిలుస్తాడు, పిలిచినవాళ్ళు పలుకుతారు. ఎవరైనా కాలం చేస్తే ఆ గుర్తును చివరిసారిగా మూడుమార్లు పిలిచి, కాసేపు ఊరుకుని, పట్టీలోంచి తీసేస్తారు. అది వాళ్ళ మర్యాద.

"మీ నాన్నకీ అలాగే పిలిచారురా. నేను వింటూ కూర్చున్నా. రెండుసార్లు పిలిచారు. మూడోసారీ పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆ పలక్కపోవడం ఉంది చూడు, నావల్ల కాలేదురా. కీ మీద చెయ్యేసి, ఉన్నాను అని కొట్టేశా."

"కొడితే?"

"వాళ్ళ రూలు వాళ్ళకుంది. పలికినవాళ్ళు హాజరు. మాస్టారు కాసేపు ఊరుకుని, టాంగో కిలో హాజరు అన్నారు. అంతే. ఆ తర్వాత ఏ ఒక్కరూ కిమ్మనలేదు."

ఒకరి లైసెన్సు మీద మరొకరు మాట్లాడడం నేరం. సామాను జప్తు చేస్తారు. నోటీసు రాయవలసింది రూళ్ళకర్రే. ఆ మాట చెప్పాడు.

"రాయి. తప్పుల్లేకుండా రాయి. ఈ పెట్టె పట్టుకుపో. రేపు ఆరున్నరకి నేను గోడకేసి చూస్తూ కూర్చుంటా."

"నా సొరుగులో పదకొండేళ్ళుగా నాన్న ఫారం ఉందమ్మా," అన్నాడాయన. "అందరి పేర్లూ కొట్టేశాను. అది మాత్రం చేతకాలేదు."

తల్లి ఆయన మొహంలోకి చూసింది. కసిరే మనిషి కసరలేదు.

"పోనీ నువ్వే పరీక్ష రాయి" అన్నాడు.

"రాస్తే కొత్త గుర్తిస్తారు. నాకెందుకురా కొత్తది? రోజుకోసారి ఎవరో ఒకరు మీ నాన్నని పిలవాలి. నాక్కావలసింది అదీ."

"పిలిచేది ఆయన్ని, పలికేది నువ్వు. లెక్కలో మీ ఇద్దరిలో ఒక్కరే ఉన్నారమ్మా. ఆ ఒక్కరూ నువ్వు కాదు."

ఆ మాటకు తల్లికి ఒళ్ళు మండింది. మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. కావలసినవన్నీ కోడలి ద్వారా అడిగించుకుంది. నాలుగో రోజు పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "కరెంటు లెక్కలు కూడా ఉంటాయా ఆ పరీక్షలో?" అంది.

రూళ్ళకర్ర జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి ఆఫీసరమ్మ బల్లమీద పెట్టాడు. తన తప్పు వేరే పేరాలో రాశాడు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"అమ్మగారు రోజూ హాజరవుతారా?"

"పదకొండేళ్ళలో ఒక్కనాడు మానలేదండీ."

"మన ఆఫీసులో అలాంటివాళ్ళు లేరు," అందావిడ. పరీక్ష పాసయ్యేదాకా కీ ఊడదీసి ఆఫీసులో ఉంచమంది, వినడం మాత్రం నేరం కాదు గనక రేడియో ఇంట్లోనే ఉండనిమ్మంది, ఆయన సంజాయిషీ మీద "హెచ్చరించడమైనది" అని రాసింది. పరీక్ష రెండు నెలల్లో, తప్పితే మళ్ళీ ఆరునెలల తర్వాతే. కబురు విన్న వాచీల మాస్టారు, టాంగో కిలో సెలవులో ఉన్నారని పట్టీలో రాసుకున్నాడు.

ఆ రెండు నెలలూ తల్లి కోడలి ఎదుట కూర్చుని కరెంటు లెక్కలు బట్టీపట్టింది. రోజూ సాయంత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరి పలుకులూ వింది. "మూగనోము పట్టినట్టుందే," అని కోడలితో అంది ఓరోజు, కళ్ళు తుడుచుకుంటూ. పరీక్ష రోజున రక్తసంబంధీకుడు హాల్లో ఉండకూడదు గనక రూళ్ళకర్ర వరండాలో బల్లమీద కూర్చున్నాడు. ఎన్నో పరీక్షలు జరిపిన మనిషి నిమిషానికోసారి గోడగడియారం చూసుకున్నాడు. తొమ్మిదిమంది రాస్తే నలుగురు పాసయ్యారు. ఆ నలుగురిలో ఆవిడా ఉంది. కీ కొట్టడంలో నూటికి నూరు, కరెంటు లెక్కల్లో బొటాబొటి.

ఆ ఏడు నివేదికలో గీత మేడమీంచి జారిపడ్డట్టు పడింది. బతికున్నట్టు తేలినవాళ్ళు మూడువందల ఎనభై ఎనిమిది. రూళ్ళకర్ర ఆరో నంబరు ఫారం నింపి తండ్రి పేరు తానే కొట్టేశాడు, మూడువందల ఎనభై ఏడు. పాసైన నలుగురితో మూడువందల తొంభై ఒకటి. ప్రజాదరణ వాక్యం ఈసారి రాయలేదు.

లైసెన్సు వచ్చిన సాయంత్రం కీ మళ్ళీ బిగించారు. తల్లి, కొడుకు, కోడలు ముగ్గురూ మేడమీద కూర్చున్నారు. ఆరున్నర కాగానే మాస్టారి గొంతు వినిపించింది. హాజరుకు ముందు పదకొండేళ్ళుగా ఆగిపోయిన పని ఒకటుందన్నాడు.

"టాంగో కిలో," అని పిలిచాడు.

తల్లి కదల్లేదు. గదిలో రేడియో గరగర తప్ప ఇంకేం లేదు.

"టాంగో కిలో."

ఆవిడ కుడిచెయ్యి కీ మీదికి పోబోయింది. ఎడమచేత్తో ఒడిసిపట్టుకుంది. అదీ చాల్లేదు.

"ఒరేయ్, నా చెయ్యి పట్టుకోరా," అంది.

రూళ్ళకర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు.

"టాంగో కిలో," అన్నాడు మాస్టారు మూడోసారి.

ఎవరూ పలకలేదు. ఆ ఊరుకోవడం ఎంతసేపో ఆయన లెక్కపెట్టలేదు. తల్లి ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి మాస్టారు, "టాంగో కిలో, ఇక సెలవు," అన్నాడు. తర్వాత కాగితం తిప్పిన చప్పుడు. ఇంతవరకూ ఎప్పుడూ పిలవని కొత్త గుర్తు ఒకటి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పిలిచాడు.

రూళ్ళకర్ర ఇంకా తల్లి చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"వదలరా," అంది తల్లి. "నన్ను పిలుస్తున్నారు."