కడపక్క చూసిన వాగు

నిన్న పొద్దున్న టీవీలో లక్షద్వీపాలకు భారీ వర్షమనీ, అలలు ఇంటెత్తున లేస్తాయనీ చెప్పారు. ఆ దీవులకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా పొయ్యి మీద పాలు వదిలేసి పెరట్లోకి వెళ్ళి ఆకాశం చూశాను. లోపలికొచ్చి కిటికీలు వేశాను, మళ్ళీ తీశాను. ఈలోపు పాలు పొంగిపోయాయి. మా కోడలు పొయ్యి తుడుస్తూ నవ్వింది. "అవెక్కడో అరేబియా సముద్రంలో ఉన్నాయండి అత్తయ్యా. మన అమలాపురానికి ఏమవుద్దండీ?" అంది. ఆ సముద్రమనే నా గాభరా అంతా. తుఫానులంటే పుట్టుకతోనే వచ్చిన చదువనుకుని, ఆ సముద్రం అవతలి ఒడ్డున నేను చేసిన నిర్వాకం మా కోడలికి తెలియదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల ఏడులో నేను మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటాయన ఏదో మంత్రిత్వ శాఖలో ఆఫీసరు. ఆయన్ని బాబా అనీ, భార్యని మామా అనీ పిలిచేవాళ్ళం. బాబా తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడి వైపు పనిచేయదు. ఆవిడ పనీ పిల్లల పనీ నాది. వంట కడప జిల్లా నుంచి వచ్చిన అక్కది. నాకన్నా పదేళ్ళు పెద్దదేం కాదు గానీ, మనిషిలో ఏదో నిబ్బరం ఉండేది, అక్కా అనకుండా నోరు ఊరుకునేది కాదు. నేను నాలుగేళ్ళకి అరబ్బీలో దెబ్బలాడే స్థాయికి వచ్చాను. అక్కకి రెండేళ్ళైనా ఉప్పు, బియ్యం, వేడి, చాలు అన్నవి తప్ప రాలేదు. ఆవిడ బాబాతో ఏం చెప్పాలన్నా, బాబా ఆవిడతో ఏం చెప్పాలన్నా మధ్యలో నా నోరే. ఆ పెద్దరికం నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఆ వేసవిలో ఇద్దరమూ సెలవు అడిగాం. ఇద్దర్నీ ఒకేసారి పంపలేను, ఎవరన్నది జూన్‌లో చెబుతానన్నాడు బాబా. నాకు మా చెల్లి దగ్గర పెరుగుతున్న ఇద్దరు మగపిల్లల్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అక్కకి ఒక్కతే కూతురు, ఐదు నిండాయి. ఫోన్ చేసినప్పుడల్లా "బళ్ళో ఏసే దినానికి నేనొస్తా, నేనే చెయ్యి పట్టుకోని పిల్చకపోతా" అని ఆ పిల్లకి మాట ఇచ్చేది. చిన్న ఎర్ర బడి సంచీ ఒకటి కొని మంచం కింద దాచుకుంది. సెలవు ఎవరికి వస్తుందో తెలియక ఆ నెలంతా ఇద్దరికీ నిద్రలు సరిగ్గా లేవు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వడం కూడా కాస్త కష్టంగానే ఉండేది.

సరిగ్గా అప్పుడు తుఫాను కబురు వచ్చింది. టీవీలో పొద్దస్తమానం అదే. బయట చూస్తే ఆకాశం శుభ్రంగా, నీలంగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది. దుకాణాల్లో నీళ్ళ సీసాలూ రొట్టెలూ అయిపోయాయి. మామా పిల్లల్ని తీసుకుని పుట్టింటికి నిజ్వా వెళ్ళిపోయింది. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బకెట్లు నింపాను, మేడ మీది కుర్చీలు కట్టేశాను, కట్టింది విప్పి మళ్ళీ కట్టాను. ఆ మధ్యలో అందరికీ ఉపన్యాసాలు. మాది కోనసీమ, గాలి వాసన చూసి చెప్పేస్తామన్నంత ఇదిగా మాట్లాడాను. బాబాకి ఆఫీసులో డ్యూటీ పడింది. తల్లిని దగ్గర్లోనే మేడ ఇంట్లో ఉన్న చెల్లెలి దగ్గర దింపాలా, కొండల వెనక అల్ అమెరాత్‌లో ఉన్న పాత ఇంటికి తీసుకెళ్ళాలా అని నన్నే అడిగాడు. "సముద్రానికి ఎంత దూరమైతే అంత మంచిది బాబా. కొండల వెనక్కే" అన్నాను. రాజుగారు మంత్రిని అడిగినట్టు నన్ను అడిగాడు కదా, గర్వంతో నా తల నిలవలేదు.

పొద్దున్నే పెద్దావిడతో పాటు మా ఇద్దర్నీ అక్కడ దింపి బాబా వెళ్ళిపోయాడు. ఒంటి అంతస్తు ఇల్లు. ముందు రాళ్ళతో నిండిన వెడల్పాటి ఎండిన వాగు. అక్కడివాళ్ళు వాదీ అంటారు. ముప్పై ఏళ్ళలో నీళ్ళు ఒక్కసారి కూడా గుమ్మం దాకా రాలేదట. మాకూ సముద్రానికీ మధ్య కొండలు గోడ కట్టినట్టు ఉన్నాయి. నేను హాయిగా ఊపిరి పీల్చుకుని పెద్దావిడకి పక్క వేశాను. అక్క మాత్రం లోపలికి రాలేదు. వాగు గట్టున నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి కొండల్నే చూస్తోంది.

"మ్మేయ్, ఇది వంక. వంకలో తెచ్చి పెట్నావు మమ్మల్ని."

"ఊరుకో అక్కా. అందులో చుక్క నీళ్ళుంటే ఒట్టు. తుఫానంటే నీళ్ళొచ్చేది సముద్రం నుంచి. మీ ఊళ్ళో కుండలో తప్ప నీళ్ళెప్పుడైనా చూసేవా?"

"ఆ కొండల్లో పడే వానంతా యాడికి పోతాదనుకున్నావ్? ఈడికే రావల్ల."

గాలి మొదలైంది. వాన పడుతూనే ఉంది. నేను పది నిమిషాలకోసారి సముద్రం వైపు కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని, అక్క వాగు వైపు తలుపు దగ్గరికి. మధ్యాహ్నం వేళ వాగులో రాళ్ళ మధ్య ఎర్రటి నీటి తాడు ఒకటి కనబడింది. దాని మీద పుల్లలూ, మేకల పెంటికలూ, నురగా తేలి వస్తున్నాయి. ఇంతేనా అన్నాను నేను. అక్క గబుక్కున తలుపు వదిలి వెనక్కి తిరిగింది. "చెత్త ముందొస్తాది, ఎనకాల నీళ్ళొస్తాయి. లెయ్, పైనుండే మసీదు కాడికి పోదాం" అంది. గాలివానలో గడప దాటకూడదని మా అమ్మ నేర్పిన పాఠం. తలుపుకి అడ్డం నిలబడ్డాను, సిగ్గులేకుండా కేకలు కూడా వేశాను. అక్క నాతో వాదించలేదు. "నువ్వుంటే ఉండు. ముసలామెను నేనెత్తుకోని పోతా" అని, ఆవిడని దుప్పట్లో చుట్టి, ఉప్పుమూటలా వీపున వేసుకుని, నన్ను భుజంతో పక్కకి నెట్టి బయటికి నడిచింది.

ఒంటరిగా ఉండే ధైర్యం లేక నేనూ వెనకాల పరుగెత్తాను. రాళ్ళ బాటలో మూడుసార్లు జారాను, అక్క ఒక్కసారీ జారలేదు. మసీదు మెట్లెక్కి వెనక్కి తిరిగేసరికి కొండల్లోంచి లారీలు వస్తున్నట్టు చప్పుడు. తరువాత వాగు కనబడలేదు, గట్టూ కనబడలేదు. మేము కూర్చున్న గది కిటికీలోంచి ఎర్రనీళ్ళు లోపలికి వెళ్ళాయి, అటువైపు తలుపు ఊడి బయటికొచ్చింది. పెద్దావిడ మంచం ఉన్న గది అది. అక్క తన పైట పిండి పెద్దావిడ తల తుడిచింది.

మూడో రోజుకి దారి తెరిచాక బాబా వచ్చాడు. మసీదు వరండాలో తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరువాత నావైపు తిరిగి, పైకి వెళ్ళాలని ఎవరికి తోచిందని అడిగాడు. భయపడ్డానని చెప్పుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది సెలవు. "నాకే బాబా. మా ఊళ్ళో ఇవన్నీ మామూలే" అన్నాను. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకు దండం పెట్టినంత పని చేశాడు. మాట రాని పెద్దావిడ అంతసేపూ పనిచేసే ఎడమ చేత్తో అక్క మణికట్టు పట్టుకుని వదల్లేదు. కొడుకుని చూసి ఏదో మూలుగుతోంది. ఆకలేమో అన్నాను.

"ఏమంటాండాడుమ్మే ఆయప్ప?" అంది అక్క.

"దేవుడు కాపాడాడంటున్నాడక్కా."

"నిజమే గదా" అంది.

సెలవు నాకిచ్చాడు. అక్కే నా పెట్టె సర్దింది. ఎర్ర సంచీ మా ఊరి నుంచి పోస్టులో పంపమని ఇచ్చింది, పంపాను. అది చేరేటప్పటికి బళ్ళు తెరిచి పది రోజులైంది. ఆ పిల్ల వాళ్ళమ్మ వస్తేగానీ వెళ్ళనని అరుగు మీద కూర్చుని ఏడ్చి, చివరికి వాళ్ళ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిందట.

మరుసటేడు అక్క తన ఊరు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. వెళ్ళిన కొత్తలో ఒకసారి నాకు ఫోన్ చేసింది. బడి తెరిచిన రోజు పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకోబోయిందట. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వేం రావద్దులేమ్మా, నాకు దోవ తెలుసు" అని ముందు నడిచి వెళ్ళిపోయిందట. అక్క ఆ మాట నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ పిల్లకి ఇప్పుడు పాతికేళ్ళు ఉంటాయి. ఎవరి బతుకులోనైనా మొదటిసారి బడికి వెళ్ళే రోజు ఒక్కటే ఉంటుంది. వాళ్ళిద్దరిదీ నేను తీసుకున్నాను.