మొలతాడు చాటు మచ్చ

నాకు పంతం ఎక్కువని మా అమ్మ చిన్నప్పటి నుంచీ దెప్పుతూనే ఉంది. ఆ పంతం ఒకసారి ఒక మనిషి ప్రాణానికి అక్కరకొచ్చింది. ఈ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

రెండువేల దశకం సగం గడిచిన రోజులు. బెజవాడలో ఒక స్కానింగ్ సెంటర్‌లో డాక్టరుగా కొత్తగా చేరాను. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ వెతకడానికి ఎమ్మారైలో మాకు రెండు పద్ధతులు ఉండేవి. పాతది గ్రంథి ఆకారాన్ని చక్కగా చూపిస్తుంది. కొత్తదాన్ని డిఫ్యూజన్ అంటారు. కండలో నీరు ఎంత తేలిగ్గా కదులుతోందో అది చూపిస్తుంది. క్యాన్సర్ కణాలు కిక్కిరిసిన చోట నీరు కదలలేదు, అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది. మా పెద్ద డాక్టరు గారికి పాతదే వేదం.

"ఆ కొత్త బొమ్మ చెరిగిపోయిన ముగ్గులా ఉంటుందమ్మా. దాన్ని నమ్ముకుంటే మునుగుతాం" అనేవారు.

రెండూ పక్కపక్కన పెట్టి నిరూపిస్తానని ఆయనతో పంతం పట్టాను.

అప్పుడొచ్చాడు బందరు తీరం నుంచి ఒక చేపల వ్యాపారి, భార్యను వెంటబెట్టుకుని. అరవై దాటిన మనిషి. ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో అంకె పెరుగుతూనే ఉంది. వెనకవైపు నుంచి సూది గుచ్చి రెండుసార్లు ముక్క తీసినా ఏమీ దొరకలేదు. ఈ స్కాన్‌లోనూ కనబడకపోతే ఇక వెతకడం ఆపేద్దామని అతని డాక్టరు రాసి పంపాడు.

పాత పద్ధతిలో వయసుతో వచ్చే వాపు తప్ప ఏమీ కనబడలేదు. నా డిఫ్యూజన్ బొమ్మ అయితే సగం సాగిపోయి, సగం నల్లబడి, చూడటానికే సిగ్గేసేలా వచ్చింది.

"చెప్పానా? ఏమీ లేదని రాసి పంపించెయ్" అన్నారు పెద్ద డాక్టరు గారు.

నాకు ఒళ్ళు మండింది. బొమ్మ అంత అధ్వాన్నంగా ఊరికే రాదు, దగ్గర్లో ఇనుము ఉండి తీరాలి. ఇనుముకి పాతదాని కన్నా కొత్తదే ఎక్కువ చెదురుతుంది. విసవిసా లోపలికి వెళ్ళాను.

"బాబాయి గారూ, ఒంటి మీద ఇనుమేమన్నా ఉందా?"

"ఉంగరం, వాచీ అన్నీ ఇచ్చేశానమ్మా."

పక్కనున్న భార్య నేల చూపులు చూస్తూ, "మొలతాడు సంగతి చెప్పలేదా?" అంది.

ఆయన మొహం వాడిపోయింది. "మొలతాడు మగాడు పోయాకే గదండీ తీసేది? తీయమంటారని కిందికి తోసేశాను."

దానికో తాయెత్తు ఉంది. అందులో వాళ్ళ నాన్న పడవ మేకు ముక్క ఉంది. దాచిపెట్టడంలో దాన్ని సరిగ్గా మేం వెతికే చోటికే తెచ్చిపెట్టాడు మహానుభావుడు.

"మిషన్‌లో అది లాగిందండీ. మా నాన్నే పట్టుకున్నాడనుకుని ధైర్యంగా పడుకున్నా" అన్నాడు. తిడదామని వచ్చినదాన్ని నవ్వాపుకోలేకపోయాను.

తీయమంటే మాత్రం ససేమిరా అన్నాడు. దారి చూపింది ఆవిడే. వీధి చివర కొట్టుకి వెళ్ళి నల్లతాడు తెచ్చి ముందు అది కట్టింది, ఆ తర్వాతే పాతది తెంపింది. తాయెత్తును కొంగున ముడేసుకుంది.

"ఇక తియ్యండమ్మా మీ బొమ్మ."

ఈసారి బొమ్మ శుభ్రంగా వచ్చింది. గ్రంథి ముందుభాగంలో, వెనక నుంచి గుచ్చే సూది అందుకోలేని చోట, చిక్కుడు గింజంత తెల్లమచ్చ. పాత బొమ్మలో అదే చోటు మళ్ళీ చూస్తే అక్కడా ఓ మసక ఉంది, వాపు కింద జమకట్టి వదిలేశాం. పెద్ద డాక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని రెండు బొమ్మలూ చాలాసేపు చూశారు.

"సూది ముందుకి పంపమని రాయి. సంతకం నువ్వే పెట్టు" అన్నారు.

ముక్కలో క్యాన్సర్ తేలింది. ఇంకా గ్రంథి దాటలేదు, ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ కబురు తెలిసిన రోజు భవానీపురంలో మా ఇంటి దాకా స్కూటర్ మీద పాడుకుంటూ వెళ్ళాను. నా గొంతు ఎంత ఘోరమో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు.

మరుసటి ఏడు మళ్ళీ స్కాన్‌కి వచ్చారు. గుమ్మంలోనే, అడక్కుండానే, ఆవిడ కొంగు ముడి ఎత్తి చూపించింది. "ఇనుము ఇక్కడుందమ్మా."

రెండు పద్ధతుల్లోనూ చూశాను. పెద్ద డాక్టరు గారు నా వెనక నిలబడి ఉన్నారు. రిపోర్టులో రాశాను: ఏమీ లేదు.