కంచెకు దిగువన ఎర్లీన్

అలబామాలో టాలీ క్రీక్ చిన్న ఊరు. అక్కడ చచ్చినవాళ్ళెవరైనా లాన్జో పిట్మన్ చేతుల మీదుగానే మట్టిలోకి వెళ్ళాలి. ఊరికంతా ఒకటే శ్మశానం, నడుమ ఇనప కంచె. గుట్ట మీది ఎత్తు నేల తెల్లవాళ్ళది. నాలుగు చినుకులు పడితే బురదయ్యే దిగువ నేల నల్లవాళ్ళది. తవ్వే చేతులు మాత్రం రెండు పక్కలా నల్లవే. తండ్రి నడుం పడిపోయాక పంతొమ్మిదో ఏట లాన్జో పార పట్టాడు. ఇప్పుడతనికి అరవై నాలుగు.

పై పక్క సమాధులకు ఆఫీసు సొరుగులో కార్డులున్నాయి. వరస, నంబరు, పేరు. దిగువ పక్కకు లాన్జో తలకాయే కార్డు. రాతి పలక చెక్కించే స్తోమత లేనివాళ్ళు, పోయినవాళ్ళు చివరిసారి తాగిన కప్పో తిన్న పళ్ళెమో పగలగొట్టి మట్టి మీద పెట్టేవారు. పగలగొట్టకపోతే ఇంట్లో ఇంకొకరు వెంటపోతారని భయం. లాన్జో కూతురు ఎర్లీన్ ఆరో ఏట జ్వరంతో పోతే, తల్లి ఒడెస్సా నీలం పాలకప్పు అడుగు పగలగొట్టి పెట్టింది. చుట్టూ ఆలిచిప్పలు గుచ్చింది.

రెండేళ్ళ కింద శ్మశానం కమిటీ వాళ్ళు ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం ఒకటి కొన్నారు. చట్టాలు మారుతున్న రోజులు. ఊరి పేరు పత్రికల్లో పడకూడదని వాళ్ళ ఆత్రం. శ్మశానం చూసుకునే హాలిస్‌కు ముప్ఫై నిండలేదు. లాన్జోను కంచె దగ్గరికి పిలిచాడు.

"ఇకనుంచి కిందా పైనా ఒకటే, లాన్జో. మీవాళ్ళ గడ్డి కూడా మేమే కోయిస్తాం. సంతోషమేనా?"

"సంతోషమే దొరా."

"అయితే ఆ పగిలిన సామానంతా ఏరెయ్. బ్లేడుకు తగిలితే యంత్రం పాడవుద్ది. చూడ్డానికి కూడా చెత్తకుప్పలా ఉంది."

"చెత్త కాదు దొరా. గుర్తులు."

"ఎవరెక్కడున్నారో నీకు తెలుసుగా? నువ్వుండగా గుర్తులెందుకు?"

ఆ మాటకు లాన్జో కాస్త పొంగాడు. తప్పు అక్కడే జరిగింది. తన చేత్తో తవ్విన నేలను మర్చిపోతానా అనుకున్నాడు. రెండు రోజులు ఏరి లారీకెత్తాడు. నీలం కప్పును కూడా ఎత్తాడు. దాన్ని పక్కన దాచుకోవాలని తోచలేదు. ఆ సమాధుల తాలూకు వాళ్ళలో సగం మంది ఎప్పుడో షికాగో వెళ్ళిపోయారు కాబట్టి తిట్టినవాళ్ళు కూడా తక్కువే. పై స్థలాల పట్టాల్లో 'తెల్లవారికి మాత్రమే' అన్న వాక్యం అలాగే ఉంది. గడ్డి ఒక్కటే సమానమైంది.

ఒడెస్సాకు ఇవేవీ తెలియవు. చక్కెర జబ్బుతో కాళ్ళు వాచి ఆమె శ్మశానానికి రావడం మానేసింది. అతనూ చెప్పలేదు. ఈ మార్చిలో, పోయే ముందురోజు, అతని చొక్కా పట్టుకుంది.

"నన్ను పిల్ల పక్కనే పెట్టు. ఆ మూలనో ఈ మూలనో కాదు. పక్కనే."

"పక్కనే పెడతాలే."

"నీ మాట నాకు తెలుసు. సరేనంటావు, మర్చిపోతావు."

"దీన్ని మర్చిపోతానా?"

ఆమె పోయిన మర్నాడు పొద్దున్నే పార, ఇనప ఊచ పట్టుకుని దిగువకు వెళ్ళాడు. అక్కడి పెద్ద చెట్టు నుంచి కంచె వైపు పదకొండు అడుగులకు ఎర్లీన్. అది బాగా గుర్తుంది. నడిచాడు. ఆ అడుగులు పిల్లను పూడ్చిననాటి ముప్ఫై మూడేళ్ళ మగాడివని, ఇప్పటి కాలు ఈడుస్తుందని చివరి అడుగు వేశాక గాని తట్టలేదు. మళ్ళీ నడిచాడు. ఇంకోచోట తేలాడు. మూడోసారి వేరేచోట. ఊచ గుచ్చి చూశాడు. తవ్వని నేలైతే ఊచను ఆపుతుంది. ఇక్కడ నీళ్ళకు నాని అంతా మెత్తనే. ఎక్కడ గుచ్చినా దిగుతోంది. కోసిన గడ్డి చదునుగా, పచ్చగా ఉంది. ఏడుపేమీ రాలేదు. చేతులు పని చేసుకుపోతున్నాయి.

ఒకచోట తవ్వాడు. నల్లబడిన చెక్క ముక్క తగిలింది. దాని వెంబడి తడుముతూ పోయాడు. ఎంతకీ అయిపోలేదు. పెద్దవాళ్ళ శవపెట్టె. "క్షమించు" అని పూడ్చేశాడు. ఎవరిదో కూడా చెప్పలేకపోయాడు.

ఒడెస్సా చెల్లెలు వెల్మా అతనికి అన్నం డబ్బా తెచ్చి గట్టు మీద నిలబడింది.

"ఏం బావా, పొద్దుట్నుంచీ నేలను పొడుస్తున్నావు?"

"చోటు చూస్తున్నా."

"తెల్లోళ్ళ ముత్తాతలు ఎక్కడ పడుకున్నారో కళ్ళు మూసుకుని చెప్తావు కదా. నీ కూతురెక్కడుందో చూడాలా?"

"దొరికింది" అన్నాడు లాన్జో.

"నిజంగానా?"

"నేను పాతిపెట్టిందాన్ని నాకు తెలీదా?"

ఆమె డబ్బా పెట్టేసి వెళ్ళింది. మధ్యాహ్నం హాలిస్ కంచె మీదికి వంగాడు. "మీ ఆవిడ సంగతి విన్నాను, లాన్జో. పాపం. రేపు రాకు. శుక్రవారం మాత్రం పైన తవ్వాల్సింది ఒకటుంది, పెందలాడే రా." "అలాగే దొరా" అన్నాడు లాన్జో. ఊచ ఎక్కడా దేనికీ తగలని ఒక చోటు చూసుకుని సాయంత్రానికి గుంత పూర్తి చేశాడు. అంచులు ఎప్పటిలాగే తాడు పట్టినట్టు వచ్చాయి.

మర్నాడు పెట్టె దింపారు. పాస్టరు ప్రార్థన చేశాడు. చర్చి ఆడవాళ్ళు పాడారు. పాట అయ్యాక వెల్మా పూలు పట్టుకుని అతని పక్కకు వచ్చింది.

"పిల్ల ఏ పక్కన, బావా?"

అందరూ అతని వైపు చూశారు. లాన్జో గడ్డం ఎత్తి చూపాడు.

"కుడి పక్కన."

వెల్మా కుడి పక్కకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, సగం పూలు గడ్డి మీద పెట్టింది. "అమ్మొచ్చిందే, తల్లీ" అంది. వెనకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అక్కడే పూలు పెట్టారు. ఒకామె ఆ గడ్డిని ముద్దు పెట్టుకుంది.

లాన్జో పార మీద చేతులానించి నిలబడ్డాడు. వాళ్ళు లేస్తే గుంత పూడ్చాలి.